కాళ్ళవైపు రెండు ఇటుకలు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఒకప్పుడు హోసూరులో నిలబడి పనిచేసే కాళ్ళన్నీ నా చేతుల మీదుగానే నడిచేవి. ఎవరికి పిక్కలు లాగినా, నరాలు ఉబ్బినా, చీలమండ దగ్గర పుండు పడినా, బెంగళూరు పెద్ద డాక్టర్లు పెదవి విరిచాక చివరికి నా గది ముందే వరుస కట్టేవాళ్ళు.

సరే, అంత లేదు. ఒక ఫ్యాక్టరీ, అందులో ఒక ఫస్ట్ ఎయిడ్ గది, ఆ గదిలో ఒక ఇనుప మంచం, ఒక అద్దాల బీరువా, ఒక నేను. వరుస కట్టిన మాట నిజమే. సగం మంది తలనొప్పి మాత్రల కోసం, మిగతా సగం ఫోర్‌మన్ కంట పడకుండా కాసేపు కూర్చోవడం కోసం. ఆ షెడ్డు మొత్తానికి స్టూలనేది నా గదిలోనే ఉండేది మరి. మిషన్ దగ్గర కూర్చుంటే పని కూర్చుంటుందని మా ఫోర్‌మన్ సిద్ధాంతం. ఇక కాళ్ళ సంగతంటారా, నేను నిజంగా బాగుచేసిన కాలు ఒక్కటే. అదీ ఎడమది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళకు దాని గురించి చెబుదామనే ఈ కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

మాది కృష్ణగిరి. నాన్నకు బజారులో కిరాణా అంగడి. నేను ఆ అంగట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోయి పుండ్లు కడగడం, కట్లు కట్టడం నేర్చుకుని, డ్రెస్సర్ అనిపించుకుని, ఎనభైల మొదట్లో హోసూరు ఫ్యాక్టరీలో చేరాను. బయల్దేరే రోజు నాన్న తక్కెడ దించకుండానే అన్నాడు, "మన అంగట్లో నువ్వు కూచోనుంటే ఊరంతా వచ్చి నీ ముందర నిలబడతాది. ఆ సుఖం ఇడిసిపెట్టి వాళ్ళ కాళ్ళ కాడ కూచుంటానంటివి కదరా!"

హోసూరులో నాతో గది పంచుకున్నవాడు మా ఫ్యాక్టరీలోనే టర్నర్. డెంకణికోట అవతల అడవి అంచున వాళ్ళ పల్లె. పెళ్ళాం అక్కడే అత్తమామల దగ్గర ఉండేది. లేతు మిషన్ మీద ఇనుము తిరుగుతుంటే శబ్దాన్ని బట్టి ఉలి అరిగిందో లేదో చెప్పేవాడు. ఆదివారం ఊరికి పోయి సోమవారం రాగిపిండి, అనపకాయలు మోసుకొచ్చేవాడు. సంకటి అతను కెలికేవాడు, పులుసు నేను పెట్టేవాణ్ణి. నా పులుసుకు ఫ్యాక్టరీ మొత్తం ఎగబడేదని చెప్పాలని ఉంది కానీ, అతనొక్కడే తినేవాడు. అతనూ మొహం పక్కకు తిప్పుకునే.

అతనిలో ఒక వింత ఉండేది. ప్యాంటుతోనే పడుకునేవాడు. చలికనుకున్నాను, హోసూరు చలి అప్పుడు అలాగే ఉండేది. ఒకరోజు స్నానం చేసి లుంగీతో వస్తూ గడప తట్టుకుని పడబోయాడు. లుంగీ పక్కకు తప్పుకుంది. మోకాలి కింద సైకిల్ ట్యూబు ముక్క, చర్మంలోకి దిగబడేంత బిగువుగా కట్టి ఉంది. దాని కింద కాలంతా పందిరికి పాకిన కాకర తీగల్లా నరాలు. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, మధ్యలో రూపాయి బిళ్ళంత పుండు.

"ఏందప్పా ఇది?"

"ఏంలే. నెత్తురు కిందికి దిగకుండా ఆపినా."

"దిగితే ఏమి?"

"సాయంత్రానికి కాలు గుమ్మడికాయ అవుతాది. అందుకే పైనే ఆపేస్తాండా."

చదువుకున్న డ్రెస్సర్‌ని కదా, ఆ మాటకు నవ్వి ఉంటానని మీరనుకుంటారు. లేదు. ఎంత తెలివిగా ఆలోచించాడు అనుకున్నాను. అంతేకాదు, పాత ట్యూబు సాగిపోయిందని కొత్త ముక్క కోసి ఇచ్చింది కూడా నేనే.

"ఎవరికీ చెప్పొద్దప్పా" అన్నాడు. "మెడికల్ ఉండాది."

అసలు భయం అదీ. ప్రొబేషన్ ముగిశాక పర్మనెంట్ చేసే ముందు మెడికల్ పరీక్ష. అన్నీ నిలబడి చేసే పనులు కాబట్టి బెంగళూరు నుంచి వచ్చే కంపెనీ డాక్టరు ముందు కాళ్ళే చూసేవాడు. నరాలు ఉబ్బిన కాలు కనపడితే అన్‌ఫిట్ అని రాసేవాడు. అలా రాసిన మనిషి మర్నాడు గేటు బయట ఉండేవాడు.

నాకు ఒక సంగతి తట్టింది. మావాడు మంచం మీద పడుకుని కాలు గోడకు ఆనించగానే తీగలు మాయమయ్యేవి. లేచి నిలబడితే మళ్ళీ వచ్చేవి. ఇంకేం కావాలి! పరీక్ష రోజు ఫ్యాక్టరీలో నా ఫస్ట్ ఎయిడ్ గదిలోనే కాళ్ళు గోడకెత్తి పడుకోబెడదాం, పిలవగానే పరుగున పోయి డాక్టరు ముందు నిలబడితే నరాలు లేచేలోగా సంతకం అయిపోతుంది. ఇదీ నా పథకం. ట్యూబు మాత్రం ఆరోజు విప్పేశాం.

వినాయక చవితి పోయిన కొన్నాళ్ళకు ఆ రోజు వచ్చింది. మావాడు చెడ్డీతో, తువ్వాలుతో, నడుం గోడకు ఆనించి, రెండు కాళ్ళూ నిటారుగా పైకెత్తి పడుకున్నాడు. డాక్టరు ఎప్పుడూ ఆఫీసులో కాఫీ తాగి గాని రాడు. ఆరోజు కాఫీ తాగకుండా వచ్చాడు.

తెల్ల మీసాల మనిషి. తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "ఏనప్పా, గోడ పడిపోతాదని కాళ్ళతో ఆనించి పట్టుకున్నావా?"

ఈ కథ నేను ఎప్పుడు చెప్పినా ఇక్కడ నా సమాధానం ఉంటుంది. "సార్, ఇది యోగాభ్యాసం, రక్తశుద్ధికి" అని నేను గంభీరంగా అన్నట్టూ, డాక్టరు పడీపడీ నవ్వినట్టూ. పెళ్ళిళ్ళలో ఈ ముక్కకు మంచి గిరాకీ. నిజానికి నా నోరు తెరుచుకోలేదు. చేతిలో ఉన్న దూది కింద పడింది. దాన్ని తీసుకునే వంకతో వంగి, లేవకుండా అక్కడే ఉండిపోయాను.

డాక్టరు అతన్ని నిలబడమన్నాడు. తొందరపడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఊరు పేరడిగాడు, పంటలడిగాడు, బావి ఎంత లోతని అడిగాడు. మావాడు చెప్తూనే ఉన్నాడు. తీగలు ఒక్కొక్కటే లేస్తూనే ఉన్నాయి. చివరికి డాక్టరు మోకాలి కింద వేలు పెట్టి, "ఈ గీత ఏంది?" అన్నాడు. ట్యూబు విప్పినా దాని గాడి అలాగే ఉంది.

మావాడు నెత్తురు దిగడం, ఆపడం అన్నీ చెప్పేశాడు. ట్యూబు ఎవరిచ్చారో మాత్రం చెప్పలేదు. అందుకు ఇప్పటికీ నాకు గౌరవం.

"మీ బావికి మోటారుందా?"

"ఉండాది సార్."

"ఫుట్‌వాల్వు పోతే ఏమవుతాది?"

"పైపులో నీళ్ళు నిలవవు సార్. బావిలోకే జారిపోతాయి."

"నీ కాలి నరాల్లో కూడా అట్లాంటి వాల్వులుంటాయి. ఈ నరాల్లో నెత్తురు కిందికి దిగేది కాదప్పా, పైకి, గుండెకు ఎక్కాల్సింది. వాల్వు చెడి ఎక్కింది ఎక్కినట్టే జారిపోతాంది. నువ్వేమో పైన తాడు బిగించి ఉన్న దారి కూడా మూసినావు."

తర్వాత అతన్ని మంచం మీద పడుకోబెట్టి, కాలు నా భుజం మీద పెట్టించాడు. నరాలు ఖాళీ అయ్యాక తొడ పైభాగాన రబ్బరు గొట్టం కట్టి నిలబెట్టాడు. తీగలు లేవలేదు. గొట్టం విప్పగానే పైనుంచి కిందికి సర్రున నిండాయి. "చూస్తివా? గజ్జల కాడి పెద్ద వాల్వు పోయింది. ఆపరేషన్‌తో ఆ నరం కట్టేయొచ్చు" అన్నాడు. ఆపరేషన్ మాట వినగానే మావాడు కిటికీలోంచి డెంకణికోట దిక్కు చూశాడు. పరుగెత్తడానికి దారి చూసుకుంటున్నట్టు.

"అది తర్వాత చూద్దాం. ముందర పుండు మానాల. డిసెంబరులో మళ్ళీ వస్తా. కొత్త తోలు కనపడితే సంతకం పెడతా. లేదంటే అన్‌ఫిట్ రాయడం తప్ప నేనేమీ చేయలేను" అని, నా వైపు తిరిగి, పాదం మీద నాడి బాగా కొట్టుకుంటోంది కాబట్టి బిగించి కట్టినా భయం లేదని చూపించి, క్రేప్ బ్యాండేజీ చేతిలో పెట్టాడు. కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పొద్దున లేచి పాదం నేల మీద పెట్టకముందే చుట్టాలి. పెట్టాక నెత్తురు కాలిలో నిండిపోతే చుట్టి లాభం లేదు. మంచానికి కాళ్ళవైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. లేతు దగ్గర నిలబడినప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండాలి. "పిక్కే నీ మోటారు. నడిపిస్తాండు" అని చెప్పి కాఫీకి పోయాడు.

ఆ విధంగా నా జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఉద్యోగం మొదలైంది. దానికి జీతం లేదు.

మంచు ఇంకా కిటికీకి అంటుకుని ఉండగానే అతను లేపేవాడు. "లే అప్పా, బిరీన కట్టు, నాకు ఆగేట్టు లేదు." పాదం కింద పెట్టకుండా బయటికి ఎలా పోతాడు? నేను కావాలనే నిదానంగా కళ్ళు నులుముకునేవాణ్ణి. అతను తిట్టేవాడు. కాలు నా తొడ మీద పెట్టుకుని వేళ్ళ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. మొదట్లో చేతికి అలవాటైన పద్ధతిలో మోకాలి దగ్గరే బిగించేస్తే కాలివేళ్ళు నీలం తిరిగాయి. విప్పి మళ్ళీ చుట్టాను. చుట్టినంతసేపూ అతను రాత్రి వచ్చిన కల చెప్పేవాడు. ఒకరోజు ఏనుగు వచ్చి లేతు దగ్గర నిలబడి తొండంతో దాని పిడి తిప్పిందట, ఫోర్‌మన్ దానికీ స్టూలు ఇవ్వలేదట. ఒకరోజు వాళ్ళ బావి తలకిందులై నీళ్ళన్నీ ఆకాశంలోకి పోయాయట. కల అయ్యేసరికి కట్టు అయ్యేది. చివర పిన్ను పెట్టగానే బయటికి పరుగు.

ఫ్యాక్టరీలో మడమల వ్యవహారం నవ్వులపాలైంది. లేతు ముందు అతను లేస్తూ దిగుతూ ఉంటే ఫోర్‌మన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏమప్పా, ఈడ పని జరగతాండాదా, నాట్యం జరగతాండాదా?"

"మోటారు ఆన్ చేసినా సార్."

"ఏ మోటారు?"

"పిక్క మోటారు సార్."

మొదట అందరూ వెక్కిరించారు. వెక్కిరించడానికి వాళ్ళూ మడమలెత్తారు. ఎత్తాక సాయంత్రానికి కాళ్ళు తేలికయ్యాయి. వారం తిరిగేసరికి ఆ వరుసంతా లేస్తూ దిగుతూ ఉండేది. ఆ తర్వాత ఒకరోజు ఫోర్‌మన్ నా గదిలోకి వచ్చి తలుపు వేసి, ప్యాంటు పైకి మడిచి, "ఎవురికీ చెప్పొద్దు. నాకూ ఒక కట్టు కట్టు" అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పుండు అంచుల నుంచి మెల్లగా మూసుకుంటూ వచ్చింది. ఇంతలో రాగి కోతకొచ్చింది. ఒక సోమవారం మావాడు మట్టికొట్టుకుపోయిన కట్టుతో కుంటుతూ వచ్చాడు. విప్పి చూస్తే పుండు ఎర్రగా నోరు తెరిచి ఉంది. చేలో ఏనుగులు పడితే తెల్లవార్లూ వాటి వెంట పరుగెత్తాడట.

"కాలు పైకెత్తి పడుకోమంటిని కదప్పా!"

"ఏనుగులకు చెప్పినా. వినలే."

"నవ్వొద్దు. డాక్టరు వచ్చేది దగ్గరపడింది."

"ఆ రాగి పోతే మా ఇంట్లో ఏం తినేది?"

"పర్మనెంట్ పోతే ఏం తింటావు?"

అతను మర్నాడు పొద్దున నన్ను లేపకుండా కట్టు తనే చుట్టుకోవడానికి చూశాడు. బ్యాండేజీ చుట్ట చేయి జారి గది అవతలి మూలకు దొర్లిపోయింది. తెచ్చుకుందామంటే పాదం కింద పెట్టకూడదు. అలాగే మంచం మీద కాలెత్తుకుని కూర్చుని ఉన్నాడు, కొంగలాగా. నాకు కోపం నిలవలేదు. వచ్చే ఆదివారం కాపలాకు నేను పోతానన్నాను.

పోయాను. మంచె మీద నిలబడి, ఒక చేత దివిటీ, ఒక చేత డబ్బా పట్టుకుని, గుంపుకు ముందున్న దంతాల ఏనుగును కళ్ళలోకి చూసి...

అబ్బే. ఏనుగులు ఆరోజు రానేలేదు. ఆకు కదిలినా, కప్ప గెంతినా నేను డబ్బా వాయించాను. తెల్లవారాక మావాడి తండ్రి వచ్చి, "ఏనుగులు రాలేదు గానీ అప్పా, ఊరైతే నిద్రపోలేదు" అని దణ్ణం పెట్టాడు.

మావాడి భార్య సంకటి పెట్టింది. పెట్టి, గోడ పక్కకు నిలబడి అడిగింది. "అన్నా, ఆ కాలు మానుతాదా?"

"మానుతుందమ్మా. నేనుండాను కదా."

"మానితే పర్మనెంట్ అవుతాదంట. అయితే ఇల్లు తీసుకోని నన్ను హోసూరు పిలుచుకోని పోతానన్నాడు. పెండ్లయిన కాడినించీ ఈడే ఉండా."

అప్పటిదాకా కాలు మానడమంటే నాకు డాక్టరు సంతకమే. అది మానిన రోజున నా గదిలో ఒక మంచం ఖాళీ అవుతుందని అంతవరకూ తట్టలేదు.

ఆ తర్వాత కట్టు ఇంకా శ్రద్ధగా కట్టాను. అంతకుముందు కంటే ముందే లేచాను. ప్రతి ఆదివారం కాపలాకు నేనే పోయాను. ఇందులో ఒక్క ముక్క కూడా పెంచి చెప్పడం లేదు.

డిసెంబరులో డాక్టరు వచ్చాడు. పుండు ఉన్నచోట పలచటి లేత గులాబీ చర్మం, రోజా రేకులాగా. దాని మీద వేలితో మెత్తగా నొక్కి చూశాడు. "కట్టింది ఎవురు?" అన్నాడు. ఇక్కడ నేను గొప్ప చెప్పుకోవాల్సింది. నాకంటే ముందు మావాడు, "మావాడు సార్" అన్నాడు. డాక్టరు సంతకం పెట్టాడు. కట్టు మాత్రం జన్మలో వదలొద్దన్నాడు.

సంక్రాంతి దాకా కూడా ఆగలేదు అతను. రెండు వీధుల అవతల చిన్న ఇల్లు తీసుకుని భార్యను తెచ్చుకున్నాడు. "రేపు పొద్దున రాప్పా, ఆమెకు నేర్పించు" అన్నాడు. చీకటి విడుస్తుండగా వెళ్ళాను. అతను మంచం మీద కాలు చాపి కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. వేళ్ళ దగ్గర రెండు చుట్లు నేను చుట్టి చుట్ట ఆమెకిచ్చాను. చీలమండ దగ్గర ఎంత బిగించాలో, పిక్క దగ్గర ఎంత వదలాలో చెప్పాను. ఒక్కసారికే పట్టేసింది.

"జడ అల్లేదానికంటే సులువుండాది కదన్నా. దీనికి ఇంత చదువు చదివినావా?"

"మా నాన్న కూడా అదే అడుగుతాడమ్మా" అన్నాను.

ఆమె చుడుతుంటే అతను, "రాత్రి కలలో ఏమైందో తెలుసునా..." అని మొదలుపెట్టాడు. ఆమెతో. నేను పిన్ను ఆమె చేతికిచ్చి లేచాను. కల సగంలో ఉండగానే బయటికి వచ్చేశాను.

తర్వాత కొన్నేళ్ళకు నేను కృష్ణగిరి ఆసుపత్రికి మారాను. ఫ్యాక్టరీ చేతులు మారింది. మావాడు ఎటో దూరం పోయాడన్నారు. ఎటన్నది ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పారు. ఒకసారి బస్సులో పోతుంటే కుందారపల్లి దగ్గర రోడ్డు పక్కన ఒకతను వీపు ఇటు పెట్టి నిలబడి మడమలు ఎత్తుతూ దించుతూ కనపడ్డాడు. కండక్టర్ అరుస్తున్నా దిగేశాను. ఎవరో కుర్రవాడు, బస్సు వస్తుందేమోనని దూరంగా తొంగి చూస్తున్నాడంతే. తర్వాతి బస్సు వచ్చేదాకా అతని పక్కనే నిలబడ్డాను. ఇద్దరం మడమలెత్తాం.

అందుకే ఇప్పటికీ ఏ వరుసలో నిలబడ్డా నేను మొహాలు చూడను. మడమలు చూస్తాను.

మా ఇంట్లో నా మంచానికి కాళ్ళవైపు రెండు ఇటుకలుంటాయి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఇవెందుకని అడిగితే, ఫ్యాక్టరీలో నిలబడీ నిలబడీ నా నరాల వాల్వులు పోయాయని చెప్పాను. పాపం, ఇల్లు ఊడ్చినప్పుడల్లా తీసి, తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెడుతుంది. పక్కింటివాళ్ళతో నా కాళ్ళ కష్టం గురించి చెప్పుకుంటుంది.

నా కాళ్ళకు ఏమీ లేదు. ఒక్క నరం కూడా ఉబ్బలేదు.